శవం నడిచిన దారి

ఏడాదికి మూడు వందల అరవై నాలుగు రోజులు ఆబ్నర్ పెల్ చేసే పని గేటు తెరిచి ఉంచడం. మిగిలిన ఆ ఒక్క రోజూ దాన్ని మూసి ఉంచడం. తనకు జీతమూ, ఉండడానికి ఇల్లూ ఇచ్చింది ఆ ఒక్క రోజు కోసమేనని అతని నమ్మకం.

థార్మిన్‌స్టర్ బిషప్పుల భవనానికి చుట్టూ కందకం, కందకం లోపల ఎత్తయిన గోడ, గోడకు రెండు గేట్లు. దిగువ గేటు బయట రాతివంతెన. వంతెన దిగితే దిగువవీధి. తోళ్ళ కార్ఖానా కూలీలు, బట్టలుతికే ఆడవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు ఉండే వీధి. ఎగువ గేటు దాటితే ఓస్వాల్డ్ చర్చీ, దాని సమాధుల తోటా, ఆ పైన అంగడి. రెండు గేట్ల మధ్య బిషప్పు తోటలోంచి ఒక కాలిదారి ఉంది. తాపీగా నడిస్తే ఏడు నిమిషాలు. దిగువవీధి మనిషి బ్రెడ్డు కొనుక్కోవాలన్నా, పెళ్ళి చేసుకోవాలన్నా, ఆదివారం దేవుడికి మొహం చూపించాలన్నా ఆ దారినే పోవాలి. అది వద్దనుకుంటే నది వెంబడి తోళ్ళ రోడ్డు ఉంది. రెండు మైళ్ళ చుట్టు. ముక్కు మూసుకుని నడవాలి.

అయితే ఆ కాలిదారి జనానిది కాదు, బిషప్పు గారిది. ఆయన సెలవిస్తున్నాడు కనుక జనం నడుస్తున్నారు. అడ్డూ ఆపూ లేకుండా ఏళ్ళ తరబడి నడవనిస్తే ఏదో ఒకనాడు జనం కోర్టుకెక్కి ఈ దారి మాది అనవచ్చు, కోర్టు అవుననవచ్చు. అది జరగకుండా ఏటా ఒక రోజు, మార్చి ఇరవై అయిదున, దేవదూత మరియమ్మకు కబురు తెచ్చిన పండుగనాడు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా దిగువ గేటుకు తాళం పడేది. వచ్చినవాడికల్లా కావలివాడు ఒకే మాట చెప్పాలి: "ఇవాళ బిషప్పు గారి సెలవు లేదు. రేపు రండి."

ఆలోచిస్తే ఆ భవనంలో బిషప్పులు నిలబెట్టుకున్నది ఈ ఒక్కటే. పెద్ద భోజనశాల పైకప్పుకున్న సీసపు రేకుల్ని ఒక బిషప్పు ఊడబెరికి అమ్ముకున్నాడు. ఇప్పుడు దాని నాలుగు గోడల మధ్య గొర్రెలు మేస్తాయి. మరొకాయన పట్టు తీయిద్దామని దక్షిణాది నుంచి కంబళి మొక్కలు తెప్పించి నాటాడు. పెరిగాక చూస్తే అవి పట్టుపురుగులు ఇష్టంగా తినే జాతి కాదు. మూడు వందల ఏళ్ళుగా ఆ చెట్లు ఆగస్టు నెలలో దారినపోయే ఆడవాళ్ళ తెల్లటోపీల మీద ఎర్రటి మరకలు వేస్తూ బతుకుతున్నాయి. చేపల చెరువులో చేపలు ఎప్పుడో పోయాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సగం భవనాన్ని లండన్ నుంచి వచ్చిన బడిపిల్లలకు ఇచ్చారు. వాళ్ళు వెళ్ళాక ఉత్తరపు వైపు ఆరు గదుల్లో ముసలి బిషప్పు, ఆయన కీళ్ళనొప్పులు మిగిలారు. ఇన్ని పోయినా దారి మాత్రం పోలేదు. దాన్ని కాపాడినవాడు ఆబ్నర్.

మొదటి ప్రపంచయుద్ధం నుంచి ఒక చెవి వినికిడి పోగొట్టుకుని తిరిగొచ్చి, 1919లో ఆ పనిలో చేరాడు. పొడుగాటి మనిషి, వంగిన మెడ, మాట పొదుపు. అంతకుముందు కావలివాడు గారడ్ అనే ముసలాడు. తాళాల గుత్తి చేతికిస్తూ గారడ్ రెండే చెప్పాడు.

"మరియమ్మ పండుగనాడు నీ కన్నతల్లి వచ్చినా తియ్యకు. ఇక రెండోది. ఏ రోజైనా సరే, ఈ గేటులోంచి శవప్పెట్టెను మాత్రం రానివ్వకు."

"శవం ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుందా? ఏ ఊళ్ళో పుట్టావయ్యా నువ్వు! శవం ఒక్కసారి నడిచిందా, అది ఇక జనం దారే. రాజు దిగొచ్చినా మూయలేడు. బతికున్నవాణ్ణి ఆపగలవు, రేపు రమ్మనగలవు. చచ్చినవాడికి రేపేముంది?"

గారడ్ తెలివితక్కువవాడేం కాదు. ఆ జిల్లాలో, ఆ మాటకొస్తే ఆ దేశంలో సగం పల్లెల్లో, అందరూ నమ్మే సంగతే ఇది. పొలం గట్టున శవాన్ని మోసుకుపోతే గట్టు పోయినట్టేనని రైతులు కర్రలు పట్టుకుని అడ్డం నిలబడ్డ రోజులున్నాయి. దిగువవీధి వాళ్ళూ నమ్మేవారు. అందుకే వాళ్ళు కూడా ఎవరినీ అడగకుండా తమ చావుల్ని తోళ్ళ రోడ్డు మీదుగానే మోసుకుపోయేవారు.

పండుగనాడు తాళం వేసినప్పుడు మామూలుగా ఎవరూ వచ్చేవారు కాదు, అందరికీ తెలుసు గనక. వచ్చేది టాబిథా క్రోక్ ఒక్కతే. బిషప్పు ఇంటి బట్టలుతికే మనిషి. గుండ్రంగా, ఎర్రటి ముంజేతులతో, సబ్బు వాసనతో ఉండేది. తెలిసే వచ్చేది, బుట్ట చంకనెత్తుకుని.

"ఏం ఆబ్నరూ, ఈ ఏడు కూడా నేను దొంగనేనా?"

"దొంగవి కాదు టాబీ. ఇవాళ బిషప్పు గారి సెలవు లేదు. రేపు రా."

"ఇవి ఆయన చొక్కాలేనయ్యా. ఆయన చొక్కాలకు కూడా సెలవు లేదా?"

"చొక్కాలకుంది, నీకే లేదు. ఊచల్లోంచి అందించు."

ఆమె ఒక్కొక్క చొక్కా ఊచల మధ్య నుంచి అందించేది, నలగకుండా. అతను రెండు చేతుల మీద పెట్టుకుని పేర్చుకునేవాడు. పరలోకం గేటు దగ్గర కూడా నీలాంటివాడే కూర్చుని ఉంటే నా గతి ఏమిట్రా దేవుడా అంటూ ఆమె వంతెన దిగి వెళ్ళేది. ఇరవై ఏడేళ్ళు అలా జరిగింది.

1947 చలికాలం సంగతి ఆ తరంవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. ఏడు వారాలు మంచు. బొగ్గు లేదు. మార్చి నడుమ మంచు ఒక్కసారిగా కరిగి, దానికి వాన తోడై, నది గట్లు తెంచుకుంది. దిగువవీధి ఇళ్ళలో కింది అంతస్తులు మునిగాయి, జనం మేడగదుల్లో చేరారు. కందకం ఎక్కడో నది ఎక్కడో తెలియకుండా కలిసిపోయాయి. తోళ్ళ రోడ్డు మీద మనిషి మెడ లోతు నీళ్ళు, పడవ కూడా నిలవనంత వడి. ఆ వరదలో, పంతొమ్మిదో తారీఖున, టాబిథా క్రోక్ న్యుమోనియాతో మేడగదిలో పోయింది.

ఆరు రోజులు ఆమె శవం అక్కడే ఉంది. మొదట నీళ్ళు తీస్తాయనుకున్నారు. తీయలేదు. పైన సమాధుల తోటలో కాటికాపరి గుంట తవ్వుతుంటే రెండు సార్లు నీరూరి గట్టు విరిగి పడింది. మూడోసారి తవ్వి, మధ్యాహ్నంలోగా తెస్తే సరి, రేపటికి ఇది బావి అవుతుందని కబురు పంపాడు. ఆ రోజు మార్చి ఇరవై అయిదు.

పదకొండు గంటలకు ఆబ్నర్ తన గది కిటికీలోంచి చూశాడు. వంతెన చివర పడవ ఆగింది. అందులోంచి ఆరుగురు మగవాళ్ళు పెట్టెను భుజాలకెత్తుకున్నారు. పడవ ఇంకొందరిని తేవడానికి వెనక్కి మళ్ళింది. వాళ్ళు వంతెన మీద మోకాలి లోతు నీళ్ళలో, కాళ్ళతో రాయిని తడుముకుంటూ గేటు దాకా వచ్చారు. వాళ్ళ వెనక ఫీబీ అనే ముసలావిడ, చనిపోయిన మొగుడి పొడుగు బూట్లు తొడుక్కుని. దిగువవీధిలో పుట్టినవాళ్ళకు నీళ్ళు పోసేదీ పోయినవాళ్ళకు బట్టలు తొడిగేదీ ఆవిడే. గేటు ఇవతల నేల ఎత్తు. ఆబ్నర్ నిలబడ్డ చోట పొడిగా ఉంది.

ముందు కుడివైపు మోస్తున్నవాడు జెత్రో క్రోక్, టాబిథా అన్నకొడుకు, వడ్రంగి. పెట్టె అతను చేసిందే.

"తియ్యి ఆబ్నర్."

ఆబ్నర్ నోటికి ఇరవై ఏడేళ్ళ అలవాటు. "ఇవాళ బిషప్పు గారి సెలవు..."

"తెలుసు. తియ్యి."

"ఈ రోజే దొరికిందా జెత్రో నీకు? అక్టోబరులో సత్రంలో బల్లెక్కి ఈ దారి మాది అన్నదెవరు? నలభై మంది చేత కాయితం మీద సంతకాలు పెట్టించిందెవరు? ఇప్పుడేమో పండుగనాడే వచ్చావు, అదీ పెట్టెతో వచ్చావు."

జెత్రో మొహం ఎర్రబడింది. "మా అత్తను అడ్డం పెట్టుకుని దారి కొట్టెయ్యడానికి వచ్చానంటావా?"

"నేననలేదు. రేపు కోర్టులో అంటారు."

"రోజు నేను ఎంచుకోలేదు, నీళ్ళు ఎంచుకున్నాయి. గుంట సాయంత్రానికి నిండిపోతుంది. పోయి నీళ్ళకు చెప్పు, రేపు రమ్మని."

వెనక మోస్తున్నవాడు, "మాటలు తర్వాత, నా కాళ్ళకు స్పర్శ లేదు," అన్నాడు. మంచు కరిగిన నీళ్ళవి. పెట్టె దింపడానికి చోటు లేదు. వంతెన పిట్టగోడలు మోకాలెత్తువే, అవీ మునిగి ఉన్నాయి. ఆరుగురి భుజాలూ సన్నగా వణకడం ఆబ్నర్‌కు కనబడుతూనే ఉంది.

బిషప్పు వారం నుంచి లండన్‌లో ఉన్నాడు. ఎస్టేటు వ్యవహారాలు చూసే హాల్‌స్టెడ్ ఊరికి అవతలి కొసన ఉంటాడు. వెళ్ళి అడిగి రావాలంటే గంట పడుతుంది.

"ఒక్క గంట ఆగితే నేను పోయి..."

"గంటా!" అంది ఫీబీ. వాళ్ళను తప్పుకుని ముందుకొచ్చి ఊచలు పట్టుకుంది. "ఆబ్నర్ పెల్, ఇలా నా వైపు చూడు. వినబడే చెవి ఇటు పెట్టు. నీ డోర్కస్ పోయినప్పుడు కళ్ళు మూసిందెవరు?"

"నువ్వే."

"ఈ గేటు పక్క గదిలోనే గదా పోయింది? ఇక్కణ్ణుంచి గుడికి ఏడు నిమిషాలు. నువ్వేం చేశావు? పెళ్ళాన్ని గేటు బయటికి తీయించి, తోళ్ళ రోడ్డున తిప్పి తీసుకుపోయావు. నవంబరు వానలో, రెండు మైళ్ళు. మేమెవ్వరం నోరెత్తలేదు. బిషప్పు ఉప్పు తింటున్నాడు, ఆయన దారి కాపాడుతున్నాడు అనుకున్నాం. ఆ వానలో చిల్లుల బూట్లు వేసుకుని పెట్టె వెనకాల నడిచిందెవరో గుర్తుందా? బురదలో ఒక బూటు ఊడిపోతే చేత్తో పట్టుకుని నడిచింది. ఇదిగో, వీళ్ళ భుజాల మీదుంది. ఆవిణ్ణి గంట ఆగమంటావా?"

ఆబ్నర్ తాళాల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు. పదేళ్ళ కిందటి ఆ రోజు ఎవరూ అతన్ని బలవంతం చెయ్యలేదు. గేటు మోసేవాళ్ళ వెనకే తెరిచి ఉంది, లోపల దారి తడిసి మెరుస్తూ ఉంది. ఎడమకు, తోళ్ళ రోడ్డుకు తిరగండి అని తనే చెప్పాడు. కావలివాడే తన పెళ్ళాం శవంతో బిషప్పు దారిని పోగొడితే, ఇక ఆ పని చేసి, ఆ ఇంట్లో ఉండి, ఏం మొహం పెట్టుకుని బతకాలి? తోళ్ళ కార్ఖానా దగ్గర బండి అడ్డమొస్తే పావుగంట వానలో పెట్టె భుజాల మీదే ఆగింది. డోర్కస్‌కు ఆ కంపంటే పడేది కాదు. కిటికీలు మూయించేది.

తాళంచెవి రంధ్రంలో పెట్టాక మాత్రం ఆగాడు.

"సెలవుతో వస్తున్నామని ఒక్క మాట అను జెత్రో. అది చాలు నాకు."

"ఎవరి సెలవు? ఆయన లండన్‌లో ఉన్నాడన్నావుగా."

"అంటాడయ్యా, వాడు అనకపోతే నేనంటున్నాను," అంది ఫీబీ. "సెలవుతోనే వస్తున్నాం. తియ్యి, ఈ బూట్లలోకి నది మొత్తం వచ్చేట్టుంది."

గేటు తెరుచుకుంది. ఆబ్నర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని పెట్టెకు ముందు నడిచాడు. కంబళి చెట్ల కింద నుంచి, పైకప్పు లేని భోజనశాల గోడ పక్క నుంచి, చెరువు గట్టున. తడిసిన బూట్లు చప్పుడు చేశాయి. ఎగువ గేటు కూడా తనే తెరిచి పక్కకు తప్పుకున్నాడు. జెత్రో దాటుతూ తల వంచాడు. అది పెట్టె బరువుకో, కృతజ్ఞతకో తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఆబ్నర్ తాళాల గుత్తి పట్టుకుని హాల్‌స్టెడ్ ఇంటికి వెళ్ళాడు. తనకు తానుగా చెప్పెయ్యడమే మర్యాద అనుకున్నాడు. దారిలో ఇల్లు ఖాళీ చెయ్యడం గురించి కూడా ఆలోచించాడు. సామాను ఒక చేతిబండికి సరిపోతుంది. అరవై ఏళ్ళవాణ్ణి పనిలో పెట్టుకునేదెవరో మాత్రం తోచలేదు.

హాల్‌స్టెడ్ వకీలు చదువు చదివినవాడు, చెడ్డవాడు కాదు, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. కాల్చిన బ్రెడ్డు తింటూ విన్నాడు.

"దీని కోసమా ఇంత దూరం నడిచొచ్చావు పెల్? ఇంకేం చేస్తావు మరి, వాళ్ళను నీళ్ళలో నిలబెడతావా?"

"పండుగనాడు తెరిచానయ్యా."

"ఐతే రేపు ముయ్యి. ఏడాదిలో ఒక రోజు మూయాలంతే. అది ఏ రోజని ఎక్కడా లేదు. నేను కాయితంలో ఇరవై ఆరు అని రాసుకుంటాను."

ఆబ్నర్ అసలు సంగతికి వచ్చాడు.

"మరి శవం? శవం నడిచింది. దారి పోయినట్టే గదయ్యా."

హాల్‌స్టెడ్ నవ్వాడు. "అది అవ్వల కబురయ్యా! చట్టంలో అలాంటిదేమీ లేదు, ఎన్నడూ లేదు. శవం నడిచిన చోటల్లా దారి పడితే ఈ దేశంలో దున్నుకోడానికి పొలం మిగిలేదా? పెట్టె పోయినా ఒకటే, పాలబండి పోయినా ఒకటే. నీకెవరు చెప్పారు?"

"గారడ్."

"ఎవరు గారడ్?"

"నాకు ముందు కావలివాడు."

"మరి నువ్వు మమ్మల్ని ఎప్పుడూ అడగలేదా?"

"లేదయ్యా."

"అడిగితే బిషప్పు గారు కాదనేవారా? ఎవరూ అడగలేదు మరి." అని, ఆబ్నర్ మొహం చూసి బ్రెడ్డు పళ్ళెంలో పెట్టేశాడు. "ఏమిటి, ఒంట్లో బాగాలేదా? కూర్చో."

"బాగానే ఉందయ్యా." అతను కూర్చోలేదు. టోపీ అంచును వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు. "అయ్యా, ఆ మాట కాయితం మీద రాసిస్తారా?"

"ఏ మాట?"

"శవం వల్ల ఏమీ కాదని. ఎవరి పెట్టెనైనా తోటలోంచి తీసుకుపోవచ్చని. నాకు రాతలో కావాలి."

హాల్‌స్టెడ్ రెండు వాక్యాలు రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. ఆబ్నర్ కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో చదివాడు. మళ్ళీ చదివాడు. తారీఖు వెయ్యలేదయ్యా అని వెనక్కిచ్చాడు. తారీఖు వేయించుకుని మడిచి లోపలి జేబులో పెట్టుకుని, మర్నాడు పొద్దు పొడవగానే గేటు మూశాడు. ఆ రోజు వచ్చినవాళ్ళకు ఏం చెప్పాడో తెలియదుగాని, గట్టిగా మాత్రం చెప్పలేదట.

ఆ తర్వాత అతను పన్నెండేళ్ళు బతికాడు. ఆ కాయితానికి పటం కట్టించి గేటు లోపల గోడకు వేలాడదీశాడు. మొదట్లో దిగువవీధి వాళ్ళు నమ్మలేదు. ఇందులో ఏదో మెలిక ఉందని జెత్రో నెలల తరబడి దాన్ని అటూ ఇటూ చదివాడు. క్రమంగా అలవాటైంది. ఫీబీ పెట్టె ఆ తోటదారినే వెళ్ళింది. నెలల పసిబిడ్డ ఒకటి వెళ్ళింది, తండ్రి చంకలో పట్టే పెట్టెలో. తోళ్ళ కార్ఖానా మేస్త్రీ వెళ్ళాడు. ఎవరిదైనా సరే, ఎలాంటి వాతావరణమైనా సరే, ఆబ్నర్ టోపీ తీసి ముందు నడిచేవాడు. డోర్కస్ మాట ఎవరితోనూ ఎత్తలేదు. ఒకసారి జెత్రో చొరవ చేసి, "నీకు తెలియదు గదా ఆబ్నర్, తెలిస్తే చేస్తావా?" అన్నాడు. "అడగలేదు," అన్నాడు ఆబ్నర్. అంతే.

1959 ఫిబ్రవరిలో పోయాడు. పోయే ముందు జెత్రోను పిలిపించి పెట్టె కొలతలు ఇచ్చాడు, ఏ చెక్క వాడాలో చెప్పాడు, ఇంకొకటి కూడా చెప్పాడు. జెత్రో రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు.

ఆ రోజు దిగువ గేటు బార్లా తెరిచి ఉంది. కొత్త కావలివాడు టోపీ తీసి లోపల సిద్ధంగా నిలబడ్డాడు. ఆరుగురు పెట్టెను గదిలోంచి బయటికి తెచ్చి, గేటు వైపు చూడకుండా, వంతెన దాటి ఎడమకు తిరిగారు.

"బతికుండగా గేటు దగ్గర ఆపాడు, చచ్చాక రెండు మైళ్ళు మోయిస్తున్నాడు," అన్నాడు వెనక మోస్తున్నవాడు.

"ఊపిరి దాచుకో," అన్నాడు జెత్రో. అతనికప్పటికి అరవై దాటాయి. భుజం వేరేవాళ్ళకు ఇవ్వమంటే ఇవ్వలేదు.

సన్నగా వాన పడుతోంది. తోళ్ళ కార్ఖానా దగ్గర వాసన ఎప్పటిలాగే ఉంది. డోర్కస్‌ను తెచ్చిన నాటిలా అక్కడ బండేమీ అడ్డం రాలేదు. అయినా జెత్రో చెయ్యెత్తి ఆపాడు. పెట్టె భుజాల మీదే ఉంచుకుని, ఆరుగురూ పావుగంట ఆ వానలో నిలబడి, తర్వాత నడిచారు.